కొరియా భాషైక్యము – మాండలికముల సాక్ష్యము

ఉపోద్ఘాతము

ఒక జాతి రెండు రాజ్యములుగాఁ జీలిపోయినప్పుడు దాని భాష యేమగును? రాజ్యముతోఁబాటు భాషయుఁ జీలునా, లేక చీలిన జనులను భాషయే మరలఁ గలుపఁగలదా? ఈ ప్రశ్నకుఁ జరిత్రలోఁ బ్రత్యుత్తరము వెదకఁదలఁచువారికిఁ గొరియాదేశముకంటె మేలైన నిదర్శనము దొరకుట యరుదు. 1945వ సంవత్సరము ఆగష్టునెలలో జపానువారి యేలుబడి యంతరించిన వెంటనే యాదేశము 38వ యక్షాంశరేఖకడ రెండుగా విభజింపఁబడెను. 1948లో నుత్తరమున నొకటి, దక్షిణమున నొకటి రెండు ప్రభుత్వము లేర్పడినవి. 1950 మొదలు 1953 వఱకు ఘోరయుద్ధము జరిగెను. 1953 జూలై 27వ తేదిని యుద్ధవిరామపు టొడంబడిక కుదిరినదేకాని సంధి నేఁటికిని గుదురలేదు. సరిహద్దున కీవలివారు ఆవలివారికి స్వేచ్ఛగా నొకజాబు వ్రాసికొనుటకైనను వీలులేని స్థితి యేర్పడెను. అయినను, 2000 మొదలు 2018 వఱకు నుభయప్రభుత్వముల యనుమతితో విడిపోయిన బంధువులు ముఖాముఖిఁ గలిసికొనిన 21 సమావేశములలో నొక్కదానికిని ద్విభాషి యక్కఱ కలుగలేదు. అర్ధశతాబ్దము కన్నులఁ జూచుకొననివారు నోరు తెఱచినంతనే యొకరిమాట యొకరి కర్థమైనది.

ఈ సంగతి నాధారముగాఁ గొని కొందఱు 'భాష యొక్కటి, కావున జాతి యొక్కటి' యని తేల్చివేయుదురు. మఱికొందఱు సియోల్, ప్యోంగ్‌యాంగ్ నగరముల యధికారభాషలలోని భేదములను లెక్కించి 'భాష రెండైనది' యందురు. ఈ రెండు మతములును సగము సత్యములే యని నా తలంపు. వీ రుభయులును రాజధానుల భాషనే చూచిరికాని పల్లెల పలుకుబడిని జూడరైరి. కొరియనుల నొండొరులతోఁ బెనవైచిన బంధము ప్రమాణభాషలకంటెను మాండలికములలోనే స్పష్టముగాఁ గానవచ్చుచున్నది. ఆ మాండలికములే నేఁడు శిథిలమగుచున్నవి. దీనిని నిరూపించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

లిపియు, నాఱు దుర్గములును

సొంతలిపి యేర్పడుటకు ముందు కొరియాపండితులు చీనాలిపితోనే వ్యవహరించుచుండిరి. చోసొన్ వంశపు నాలవరాజగు సెజోంగ్ (రాజ్యకాలము 1418–1450) 1443లో 28 వర్ణములుగల నూతనలిపిని నిర్మించి 1446లో వెల్లడించెను. నేఁడు దక్షిణమున 'హంగుల్' అనియు, నుత్తరమున 'చోసొన్‌గుల్' అనియు వ్యవహరింపఁబడున దీలిపియే. ఇందలి హల్లులు పుట్టుచోటునుబట్టి యైదువర్గములుగా విభజింపఁబడినవి. ఈ వర్గీకరణమునకు మార్గము చూపినది చీనాశబ్దశాస్త్రము. ఆ శాస్త్రమో, బౌద్ధభిక్షువుల మూలమున సంస్కృతవర్ణసమామ్నాయజ్ఞానముచేఁ బోషింపఁబడినది. కావునఁ గచటతపల నెఱిఁగిన తెలుఁగు చదువరికి నీలిపియొక్క యేర్పాటు కేవల మపరిచితముగాఁ దోఁపదు.

ఆ తొలినాళ్ల వ్రాఁతలో రెండు విశేషములు కలవు. మొదటిది స్వరచిహ్నము. అక్షరమున కెడమప్రక్క చుక్క లేనియెడఁ బల్లపుస్వరము, ఒకచుక్క యున్నయెడ నెత్తుస్వరము, రెండుచుక్క లున్నయెడఁ బల్లమునుండి యెత్తున కెక్కుస్వరము. మన వేదపాఠమునందలి యుదాత్తానుదాత్తములవలె నీస్వరభేదము పలుకున కంగమై యుండెను; వేదముననువలెనే దానిచే నర్థభేదమును గలుగుచుండెను. రెండవది, ఒక చిన్న చుక్కతో వ్రాయఁబడుచుండిన యచ్చు. దీనిని 'అరె-ఆ', అనఁగా 'క్రింది ఆ' యందురు. అకార ఒకారముల నడిమి ధ్వని యిది. సియోల్ ప్రాంతమున 16వ శతాబ్ది ముగియునప్పటికి స్వరభేదము సమసి చుక్కలు వ్రాయుట మానిరి. 18వ శతాబ్దిలో 'అరె-ఆ' ధ్వనియు నశించెను. 1933 నాఁటి వర్ణక్రమమున నాయక్షరమునకు సైతము చోటు లేకపోయెను. రాజధానీభాషను మాత్రమే చూచువాఁడు వీనిని మృతధ్వను లనుకొనును. అవి మృతములు కావని ముందు తెలియఁగలదు.

లిపి నిర్మించిన సెజోంగ్ రాజే తనరాజ్యమున కుత్తరపుటెల్లయైన తుమేన్‌నదీతీరమున నాఱు దుర్గములను గట్టించెను. సేనాని కిమ్ జోంగ్‌సో యీకార్యమును నిర్వహించెను. ఆ సీమను 'యుక్‌చిన్', అనఁగా 'ఆఱు దుర్గములు' అందురు. దుర్గములు నిలుచుటకుఁ గాఁపులు కావలెను గదా! కావున దక్షిణపు రాష్ట్రములనుండి కుటుంబములను బంపి యచ్చట నిలిపిరి. ఆ వలసకాఁపులు తమవెంట 15వ శతాబ్దపు పలుకును గొనిపోయిరి. కొండలచాటునఁ బడియున్న యామాఱుమూలకు రాజధానిలోని మార్పులు చాలకాలము చేరనేలేదు. లిపియు నీపలుకును నొకేరాజు కాలమున నెలకొన్నవి. ఒకటి కాగితముపై నిలిచినది, వేఱొకటి సరిహద్దుపల్లెల నాలుకలపై నిలిచినది.

ఒక్కపదము చెప్పు చరిత్ర

కొరియాభాషలో 'మల్' అను పదమునకు నేఁటి సియోల్‌వ్రాఁతలో మూఁడర్థములు కలవు: గుఱ్ఱము, ధాన్యము కొలుచు కుంచమువంటి కొలపాత్రము, మాట. మూఁడును నొకేతీరున వ్రాయఁబడును. సియోల్‌లో వృద్ధులు మాటయను నర్థమున నచ్చును దీర్ఘముగాఁ బలికెదరు. యువజను లాభేదమునుగూడ విడిచిరి. కాని సెజోంగ్ నాఁటి గ్రంథములలో నీమూఁడును వేర్వేఱు పదములు. గుఱ్ఱమున కచ్చు 'అరె-ఆ', పల్లపుస్వరము, కొలపాత్రమునకు నెత్తుస్వరము, మాటకుఁ బల్లమునుండి యెత్తున కెక్కుస్వరము.

ఇప్పుడు రాజధానులను విడిచి దేశపు టంచులకుఁ బోవుదము. దక్షిణసముద్రమునందలి జేజుద్వీపమున వృద్ధులు గుఱ్ఱమును బేర్కొనునప్పుడు నేఁటికిని 'అరె-ఆ' ధ్వనినే పలుకుదురు. 1933లో వ్రాఁతనుండి తొలఁగిన యక్షరము వారినోట సజీవముగా నున్నది. ఆగ్నేయమున బూసాన్ రేవు నాశ్రయించియున్న క్యోంగ్‌సాంగ్ సీమలో మూఁడు పదములను స్వరభేదముచే వేర్వేఱుగాఁ బలుకుదురు. అచ్చటినుండి దేశమంతయుఁ గడచి, నేఁటి యుత్తరరాజ్యమున కీశాన్యపుటంచైన హామ్‌గ్యోంగ్ సీమకుఁ బోయినను స్వరభేదము మరల వినఁబడును. అచ్చట గుఱ్ఱము పల్లపుస్వరముతోను, మాట యెత్తుస్వరముతోను బలుకఁబడును. సియోల్‌లో లేని, ప్యోంగ్‌యాంగ్‌లో లేని యొక ప్రాచీనలక్షణము శత్రురాజ్యములుగా నున్న యీరెండింటి దూరపుసీమలలో సమానముగా నిలిచియున్నది. ఈ రెండుసీమల నడుమ సైనికదళములు కావలియున్న సరిహద్దుకలదు. ఆ సరిహద్దు వయస్సు నూఱేండ్లకు లోపు; ఈ స్వరముల వయస్సు ఆఱునూఱేండ్లకుఁ దక్కువకాదు.

సరిహద్దును మాండలికపు సీమలును

పండితులు కొరియామాండలికములను సాధారణముగా నాఱుగా విభజింతురు: వాయవ్యమున ప్యోంగాన్, ఈశాన్యమున హామ్‌గ్యోంగ్, నడుమ మధ్యదేశపు పలుకు, నైరృతిని చొల్లా, ఆగ్నేయమున క్యోంగ్‌సాంగ్, ద్వీపమున జేజు. ఈ విభాగమును బటముపై గీచి దానిపై 38వ యక్షాంశరేఖనుగాని, 1953 నాఁటి విరామరేఖనుగాని పఱచిచూచినచో నొకసంగతి స్పష్టమగును. రాజ్యపుసరిహద్దు మాండలికపుసరిహద్దులతో నేకీభవింపదు; మధ్యదేశపు పలుకును నిలువునఁ గోసిపోవును. సియోల్ చుట్టునున్న క్యోంగీ రాష్ట్రమును, హ్వాంగ్‌హే రాష్ట్రమును మధ్యదేశపుఁ బలుకునకే చేరును. నేఁడు వానిలో నొకటి దక్షిణమునను, నొకటి యుత్తరమునను గలవు. కాంగ్‌వోన్ రాష్ట్రము రెండుముక్కలై యుభయరాజ్యములలోను నదేపేరుతోఁ బిలువఁబడుచున్నది.

కేసాంగ్ నగరము మఱియొక నిదర్శనము. అది 38వ రేఖకు దక్షిణమున నుండుటచే 1945లో దక్షిణమునకుఁ జేరెను. యుద్ధానంతరము 1953లో నుత్తరమునకుఁ జేరెను. ఆ పట్టణవాసులు రాజ్యమును మార్చిరేకాని భాషను మార్చినవారు కారు. దీనికి విపర్యయముగాఁ దూర్పుతీరమునందలి సోక్‌చో పట్టణము రేఖకు నుత్తరమున నుండి యుద్ధానంతరము దక్షిణమునఁ జేరెను. అచ్చట హామ్‌గ్యోంగ్‌నుండి వచ్చిన శరణార్థులు సముద్రపుటొడ్డున గుడిసెలు వేసికొనిరి. నాలుగుదినములలో నూరికి మరలిపోవచ్చు ననియే వారి యాశ. ఆ పల్లెకు 'అబాయి' పల్లె యని పేరు వచ్చెను. 'అబాయి' యనఁగా హామ్‌గ్యోంగ్ పలుకున వృద్ధపురుషుఁడు. ఊరు పోయినను ఊరిమాట యొకటి క్రొత్త యూరికిఁ బేరై నిలిచినది.

1950 డిసెంబరులో హుంగ్‌నామ్ రేవునుండి సుమారు లక్షమంది హామ్‌గ్యోంగ్ ప్రజలు ఓడలపై దక్షిణమునకుఁ దరలింపఁబడిరి. వారు దిగినది కోజేద్వీపమునందును బూసాన్ ప్రాంతమునందును. అనఁగా స్వరభేదమును నిలుపుకొనిన రెండవసీమయైన క్యోంగ్‌సాంగ్‌లోనే. ఆఱునూఱేండ్లక్రిందటి పలుకును మిగుల్చుకొనిన రెండుసీమలవారు యుద్ధపుగాలికిఁ గొట్టుకొని యొకే రేవునఁ గలిసికొనిరి.

ఒకే గురువు, ఒకే వ్రాఁతప్రతి

ఇఁక రాజధానుల ప్రమాణభాషలు పుట్టిన విధమును విచారింతము. ఇందును మూలమొక్కటియే. చు సిగ్యోంగ్ (1876–1914) యను పండితుఁడు నవీనకొరియావ్యాకరణమునకు మూలపురుషుఁడు. 'హంగుల్' అను పేరు నాయన పెట్టినదే యని ప్రసిద్ధి. ఆయన శిష్యులతోఁగూడి 1911లో 'మల్మోయి' (మాటల కూర్పు) అను నిఘంటువును బ్రారంభించెనుగాని పూర్తిచేయకయే మరణించెను. ఆయన శిష్యులలోఁ గిమ్ తుబోంగ్, చే హ్యోన్‌బే ముఖ్యులు. కిమ్ తుబోంగ్ 1919లో షాంగైకుఁ బోయి, తుదకు 1945లో నుత్తరమునకు వచ్చి ప్యోంగ్‌యాంగ్ విశ్వవిద్యాలయమునకుఁ బ్రథమాధ్యక్షుఁడయ్యెను. చే హ్యోన్‌బే దక్షిణమునఁ బాఠ్యపుస్తకముల నిర్మాణమున నగ్రేసరుఁడయ్యెను. ఉభయరాజ్యముల వర్ణక్రమములును నొకే బడిలోఁ జదివినవారి చేతిమీఁదుగా వచ్చినవి.

1921లో నారంభమై 1931లో చోసొన్‌భాషాసంఘమని పేరొందిన పండితసభ 1933లో నేకరూప వర్ణక్రమమును, 1936లోఁ బ్రమాణపదముల పట్టికను బ్రకటించెను. పదనిర్ణయసంఘమున 73 మంది సభ్యులుండిరి. వారిలో నన్నిరాష్ట్రములవారును గలరు. ఒక్కొక్కపదమును మొదట సియోల్ ప్రాంతపు సభ్యులు నిర్ణయింపఁగా, నన్యసీమల సభ్యులలో నొక్కఁ డాక్షేపించినను మరల విచారింపవలసియుండెను. మఱియు సంఘపత్రికయగు 'హంగుల్' చదువరులను దమతమ పల్లెమాటలను సేకరించి పంపుఁడని కోరుచుండెను. మహానిఘంటువున కిట్లు పల్లెమాటలును జేరుచుండెను. ప్రమాణభాషను గోరినవారు మాండలికములను ద్వేషింపలేదు. వానిని బండారమునఁ జేర్చుకొనిరి.

1942 అక్టోబరులో జపానుప్రభుత్వము సంఘసభ్యులను జెఱపట్ట నారంభించెను. ఆ వ్యవహారమునఁ జిక్కినవారు 33 మంది. వారిని నేఁటి యుత్తరరాజ్యమునందలి హామ్‌హుంగ్ చెఱసాలలో నుంచిరి. యి యుంజే 1943లోను, హాన్ చింగ్ 1944లోను నచ్చటనే మరణించిరి. నిఘంటువు వ్రాఁతప్రతియు నేరమునకు సాక్ష్యముగాఁ గొనిపోఁబడెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1945 సెప్టెంబరు 8వ తేదిని సియోల్ రైల్వేస్టేషను గిడ్డంగిలో నాప్రతి బయల్పడెను. అందలి ప్రథమసంపుటము 1947లో వెలువడెను. యుద్ధమును దాఁటి 1957లో నాఱుసంపుటములతో, సుమారు 1,64,000 పదములతోఁ బూర్తియయ్యెను. ఆ సంఘమునకు మూలస్తంభమై, యందఱికంటె నధికముగా నాఱేండ్లశిక్ష పొందిన యి కుంగ్నో 1948లో నుభయపక్షసమావేశమునకై ప్యోంగ్‌యాంగ్ పోయి యచ్చటనే నిలిచిపోయెను. వ్రాఁతప్రతి దక్షిణమున మిగిలెను. దానికై చెఱననుభవించిన యగ్రణి యుత్తరమున మిగిలెను.

రెండు ప్రమాణములు

విభజనానంతరము రెండు ప్రభుత్వములును దమతమ త్రోవలఁ ద్రొక్కినవి. ఉత్తరమున 1949 నాఁటికిఁ జీనాక్షరముల వాడుకను మానిపించిరి. 1948లోఁ గిమ్ తుబోంగ్ ప్రోత్సాహమున నాఱు క్రొత్తయక్షరములతో నొక వర్ణక్రమము ప్రకటింపఁబడెనుగాని, పిమ్మట నది యంతరించెను. ఈసందర్భమున నొకవిషయము గమనింపఁదగినది. 1964లోఁ గిమ్ ఇల్‌సుంగ్ లిపిసంస్కారమును గూర్చి ప్రసంగించుచు, నొకభాగమున మాత్రమే యక్షరములను మార్చినచో జాతి చీలిపోవునని చెప్పి సంస్కారము నాపించెను. శత్రువుతో యుద్ధమాడిన ప్రభుత్వముకూడ లిపిని దెంచుటకు వెనుదీసెను.

1966లో నుత్తరమునఁ బ్యోంగ్‌యాంగ్ నాధారముగాఁ జేసికొనిన 'మున్‌హ్వాఓ', అనఁగా 'సాంస్కృతికభాష', ప్రమాణముగాఁ బ్రకటింపఁబడెను. పేరు ప్యోంగ్‌యాంగ్‌దే, లక్షణమో? ప్యోంగ్‌యాంగ్ చుట్టునున్న ప్యోంగాన్‌సీమ పలుకున రైలు నిలుచుచోటును 'తోంగ్గోదాంగ్' అందురు. సియోల్ పలుకున నది 'చోంగ్గోజాంగ్'. ఉత్తరపు ప్రమాణభాష యంగీకరించినది 'చోంగ్గోజాంగ్' అను రూపమునే. కావున సాంస్కృతికభాషకుఁ బునాది ప్యోంగాన్ పల్లెల పలుకుకాదు. 1933, 1936 సంవత్సరముల సియోల్ నిర్ణయములే. రెండు ప్రమాణభాషలును వైరము పూని వేఱైన యొకతల్లి బిడ్డలు.

భేదములు లేవనుట మాత్రము సాహసమే. పదాదిని రేఫమును ఉత్తరము నిలిపెను, దక్షిణము విడిచెను. శ్రమయను నర్థముగల మాట యుత్తరమున 'రోదోంగ్', దక్షిణమున 'నోదోంగ్'. స్త్రీవాచకము ఉత్తరమున 'న్యోజా', దక్షిణమున 'యోజా'. 'తోంగ్ము' యనఁగాఁ బూర్వము దేశమంతట స్నేహితుఁడు. ఉత్తరప్రభుత్వము దానిని రాజకీయసహచరునకు వాడుటచే దక్షిణమువారు భయపడి యామాటనే విడిచి 'చింగు' అను మాటతో సరిపెట్టుకొనిరి. 'నక్చి' యన్న దక్షిణమునఁ జిన్న యష్టపాది. ఉత్తరమున దక్షిణమువారు 'ఓజింగో' యను జలచరము. 2018లో శీతకాలపు ఒలింపిక్కులయందు స్త్రీల ఐస్‌హాకీజట్టు నుభయదేశములవారు కలసి కూర్చినప్పుడు, ఆటమాటలు దక్షిణమున నింగ్లీషువి, ఉత్తరమున దేశీయములు నగుటచే నొకపట్టిక వ్రాసికొనవలసివచ్చెను. అయినను పట్టికతోఁ దీరునది పదభేదమేకాని భాషాభేదము కాదు.

మనస్సును నొప్పించు భేదములు వేఱు. ఉత్తరమువాఁడు 'ఇరోప్సుమ్నిదా' యనిన 'పరవాలేదు, చింతవలదు' అని మర్యాదపూర్వకమైన యర్థము. దక్షిణమువాని చెవికి నదే మాట 'నీతో నాకుఁ బనిలేదు' అని విసరికొట్టినట్లు వినఁబడును. 2024 చివరకు దక్షిణమునఁ జేరిన యుత్తరదేశీయులు 34,000 మందికిఁ బైఁబడిరి. వారిలోఁ బలువురు కొలువు సంపాదించుటకై తమ యాసను దాఁచికొందురు. మర్యాదగా నాడినమాట మోటుగాఁ దోఁచుచోట మనుష్యుఁడు నోరు మూసికొనుటయే నేర్చుకొనును.

సరిహద్దులకు వెలుపలి కొరియనులు

ఇంతవఱకు దేశములోనివారిని గూర్చి చెప్పితిమి. మాండలికముల బంధము దేశపుటెల్లలతో నాగలేదు. 1860 ప్రాంతమునుండి హామ్‌గ్యోంగ్ ప్రజలు, ముఖ్యముగా 1869 నాఁటి కఱవుచే, తుమేన్‌నదిని దాఁటి చీనాభూములకును రష్యాభూములకును వలసపోయిరి. 1874లో సెంటుపీటర్సుబర్గున వెలువడిన పుత్సిల్లోగారి రష్యా-కొరియా నిఘంటువున నమోదైనది సియోల్ పండితుల భాషకాదు. ఈ వలసకాఁపుల పలుకు. యుక్‌చిన్ పలుకును విచారించు పండితుల కాగ్రంథము నేఁడు విలువైన యాధారము.

1937లో సోవియట్ ప్రభుత్వము రష్యా ప్రాగ్దేశమునందలి కొరియనుల నందఱిని, సుమారు 1,72,000 మందిని, రైలుబండ్లలో నెక్కించి కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ మైదానములకుఁ దరలించెను. మఱుసటియేఁట వారి పాఠశాలలు రష్యాభాషకు మాఱినవి. 1923లో వ్లాదివొస్తోక్‌నఁ బుట్టిన వారి వార్తాపత్రిక 1938లోఁ గిజిలొర్దాలో 'లెనిన్ కీచి' యను పేరఁ బునర్జన్మమెత్తి, 1991లో 'కొర్యో ఇల్‌బో' యయ్యెను. పత్రిక ప్రమాణభాషలో వ్రాయఁబడుచుండెను. ఇంట మాత్రము 'కొర్యోమార్' అను హామ్‌గ్యోంగ్ పలుకు నిలిచెను. అందు యుక్‌చిన్ లక్షణములు మిక్కుటము. 'మంచిది' యను నర్థమున సియోల్‌వారు 'చోతా' యందురు. యుక్‌చిన్‌వృద్ధులు 'త్యోతా' యందురు. సెజోంగ్‌నాఁటి గ్రంథములలో నున్నది తకారరూపమే. మధ్యాసియా మైదానములలోఁ బ్రత్తిచేలు దున్నిన ముసలివారి నోటఁ బదునైదవశతాబ్దపు రూపము వినవచ్చుట చరిత్రలో నపూర్వము. ఆ ముసలివారు నేఁడు స్వల్పసంఖ్యాకులు. వారి మనుమలకు రష్యాభాషయే తల్లిభాష.

తుమేన్‌నదికి నుత్తరమున చీనాలో 1952లో యెన్‌బియెన్ కొరియనుల స్వయంపాలితప్రాంత మేర్పడెను. 2020 జనగణనము ననుసరించి చీనాలోని కొరియనులు సుమారు 17 లక్షలు. వారిలో యెన్‌బియెన్‌వారి పలుకు హామ్‌గ్యోంగ్‌ది, ల్యావొనింగ్‌వారిలోఁ బలువురి పలుకు ప్యోంగాన్‌ది, హైలుంగ్‌జ్యాంగ్‌వారిలోఁ బలువురిది క్యోంగ్‌సాంగ్‌ది. విడిపోయిన దేశపు మాండలికపటము విదేశమున నొక్కచోఁ జేరినది. యెన్‌బియెన్ గర్భమున మింగ్‌దోంగ్ పల్లెలో 1917లోఁ బుట్టి, సియోల్‌లోఁ జదివి, 1945 ఫిబ్రవరిలో జపాను చెఱసాలలో మరణించిన కవి యున్ దోంగ్‌జు కవితలు మరణానంతరము 1948లో సియోల్‌లో నచ్చుపడినవి. ఆయన జన్మస్థానము చీనాలో, పుస్తకము దక్షిణకొరియాలో, పూర్వుల యూరు ఉత్తరకొరియాలో నున్నవి. ఆయన నేరాజ్యపు కవి యందుము? కొరియాభాషాకవి యనుటయే యుక్తము.

జపానులోని యోసాకానగరమునఁ జేజుద్వీపవాసులు 1920 దశకమునుండి కాఁపురమున్నారు. వారును, క్యోంగ్‌సాంగ్‌వారును దక్షిణసీమల సంతతివారే. అయినను 1955లో నేర్పడిన యుత్తరపక్షపు సంఘమువారి పాఠశాలలలో వారిపిల్లలు పెక్కుమంది యుత్తరపు ప్రమాణము ననుసరించి చదువుకొనిరి. ఇంట దక్షిణద్వీపపుఁ బలుకు, బడిలో నుత్తరరాజధానీభాష. ఆ యింటనుండి యాబడికిఁ బోవుబాలుఁడు ప్రతిదినమును గొరియా సరిహద్దును రెండుమాఱులు దాఁటుచుండెననవచ్చును.

సమష్టి నిఘంటువు

1989లో మూన్ ఇక్‌హ్వాన్ అను దక్షిణదేశపు మతాచార్యుఁడు ప్రభుత్వానుమతి లేకయే ప్యోంగ్‌యాంగ్ పోయి, కిమ్ ఇల్‌సుంగ్‌తో నుభయదేశములకు నొక్క నిఘంటువు కావలెనని ప్రస్తావించెను. తిరిగివచ్చిన పిదప నాయనకుఁ జెఱ లభించెను. ఆలోచన మాత్రము నిలిచెను. 2005 ఫిబ్రవరిలో కుమ్‌గాంగ్ పర్వతమున నుభయదేశపండితులు 'క్యోరేమల్ ఖున్‌సాజొన్', అనఁగా 'జాతిభాషా మహానిఘంటువు', సంపాదకవర్గము నేర్పఱచుకొనిరి. ఉద్దేశించిన పదములు మూఁడు లక్షలకుఁ బైఁబడినవి. వారు రెండుదేశముల యధికారనిఘంటువులను మాత్రమే కలిపి తృప్తి చెందలేదు. ఉత్తరమునను, దక్షిణమునను, చీనాలోను, మధ్యాసియాలోను బల్లెమాటలను సేకరించిరి. 1936 నాఁటి పండితుల మార్గ మిచ్చట మరలఁ గనఁబడుచున్నది. రాజకీయకలహములచే నడుమ ననేకవర్షములు నిలిచిపోయినను 2015 డిసెంబరునాఁటికి 25 సమావేశములు జరిగినవి. పిమ్మట సమావేశము సాగలేదు.

ఆటంకము లుభయపక్షములందును గలవు. 2023 జనవరిలో నుత్తరశాసనసభ 'ప్యోంగ్‌యాంగ్ సాంస్కృతికభాషారక్షణ శాసనము' నంగీకరించెను. దక్షిణపు పలుకుబడిని వాడువారికిఁ గఠినశ్రమయు, దానిని వ్యాపింపఁజేయువారికి మరణశిక్షవఱకును విధింపవచ్చును. వయసువచ్చిన స్త్రీ రక్తబంధములేని పురుషుని 'ఒప్పా' (అన్నా) యని పిలుచుటయు నిందు నిషిద్ధము. ఆ సంవత్సరము చివరనే యుత్తరప్రభుత్వము పునరేకీకరణాశయమును ద్యజించినట్లు ప్రకటించెను. ఇంత కఠినశాసన మేల యవసరమయ్యెను? అర్థముకాని పరభాష నెవరును నాలుక కెక్కించుకొనరు. దక్షిణపు మాట యుత్తరపు యువజనుల నాలుకపై నంత సులభముగాఁ జేరినది గనుకనే శాసనము పుట్టినది. భాషను జీల్పఁగోరిన శాసనమే భాష చీలలేదనుటకు సాక్ష్యమైనది.

దక్షిణమునఁ గొరడా లేదు, ఉపేక్ష కలదు. 1988 నాఁటి నియమము ప్రమాణభాషను 'విద్యావంతులు వాడు నేఁటి సియోల్‌మాట'గా నిర్వచించెను. మాండలికములు మాటాడు కొంద ఱీనియమము తమ హక్కులకు భంగకర మని రాజ్యాంగన్యాయస్థానము నాశ్రయించిరి. 2009లో న్యాయస్థానము నియమమునే నిలిపెను. 2010లో ఐక్యరాజ్యసమితి విద్యావిజ్ఞానసంస్థ జేజుపలుకును దీవ్రమైన యపాయస్థితిలోనున్న భాషలలోఁ జేర్చెను. ఉత్తరము శిక్షచేతను, దక్షిణ ముపేక్షచేతను నొకేసొత్తును గోలుపోవుచున్నవి.

ఉపసంహారము

భాష యొక్కటియైనంత మాత్రమున మనస్సు లొక్కటి కావని యాక్షేపింపవచ్చును. నిజమే. 1950లో నుభయసైన్యములును నొకేభాషలో నాజ్ఞలిచ్చుకొని యొండొరులఁ జంపుకొనినవి. భాష వంతెనయే కాని, వంతెన తనంతఁ దాను నడువదు, దాఁటువారు కావలెను. అయినను వంతెన కూలిన పిదప దాఁటఁగోరువారు పుట్టినను నిష్ప్రయోజనము.

ఇందు విచారించిన సంగతులవలన మూఁడంశములు సిద్ధించుచున్నవి. ఒకటి, కొరియాను జీల్చిన రేఖ యేనాఁడును భాషాసరిహద్దు కాదు. రెండు, రెండు ప్రమాణభాషలును నొకేగురువు శిష్యులవలన, నొకే చెఱసాలను, నొకే గిడ్డంగిని దాఁటివచ్చిన కృషివలనఁ గలిగినవి. మూఁడు, వీనికంటెఁ బ్రాచీనమైన బంధము హామ్‌గ్యోంగ్, క్యోంగ్‌సాంగ్, జేజు సీమల పలుకులలోను, మధ్యాసియాలోని వృద్ధులనోటను నున్నది. మొదటి రెండును గ్రంథస్థములు గావున నిలుచును. మూఁడవది మాత్రము పలుకువారితోఁబాటు పోవును. ప్రభుత్వము లెన్నఁడైనను మరలఁ గూర్చుండి నిఘంటువును ముగింపవచ్చును; కాని యప్పటికిఁ ద్యోతా యను ముసలివాఁడొకఁడు మిగిలియుండనిచో నాపుటను బూరించువా రెవరును నుండరు. కావునఁ బండితులు సంధికై వేచియుండక, యెవరిసీమలో వారు పల్లెమాటలను గ్రంథస్థము చేయుట యావశ్యకము. 'మీ యూరిమాటలను సేకరించి పంపుఁ'డని 'హంగుల్' పత్రిక చదువరులను గోరిన కోర్కె నేఁటికిని నెరవేఱవలసియే యున్నది.